సున్నా బిల్లు అందిన వైనం

ఆరోగ్యశాఖ మంత్రిగారు ఒక చరిత్రాత్మక ప్రకటన చేశారు. అంతకుముందు చేసినవీ చరిత్రాత్మకమైనవే గానీ, దీనికి రెండు మైకులు ఎక్కువ పెట్టారు.

"ఇకమీదట ఏ పేదవాడూ ఆసుపత్రి బిల్లు చూసి కళ్లు తిరిగి పడిపోడు. ఒకవేళ పడిపోయినా, ఆ పడిపోయినందుకు వేరే బిల్లు వేయనివ్వం," అన్నారు మంత్రిగారు.

ముందు వరసలో కూర్చున్న ప్రైవేటు ఆసుపత్రుల యజమానులు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. తమ బిల్లులు తగ్గిస్తామంటే తామే చప్పట్లు కొట్టే ఆ విశాల హృదయానికి మర్నాడు పత్రికలన్నీ ముచ్చటపడి సంపాదకీయాలు రాశాయి.

అలా పుట్టింది బిల్లుల పరిశీలన, సంప్రదింపుల కేంద్రం. రెండు గదులు, నాలుగు కుర్చీలు. అందులో ఒక కుర్చీ మంత్రిగారు ఎప్పుడైనా వస్తే కూర్చోవడానికి కాబట్టి దాంట్లో ఎవరూ కూర్చోకూడదు. రెండో కుర్చీకి ఒక కాలు లేదు కాబట్టి దాంట్లోనూ ఎవరూ కూర్చోరు. మూడో కుర్చీలో కేంద్రం అధిపతి కూర్చుంటారు. ఆయన అసలు హోదా చాలా పొడుగ్గా ఉండడం వల్ల లోకం ఆయన్ని బేరంగారు అని పిలుస్తుంది. మంత్రిగారింటికి పదకొండేళ్లపాటు కూరగాయలు బేరమాడి తెచ్చిన అనుభవం ఆయనది. వంకాయల దగ్గర నెగ్గినవాడు వైద్యుల దగ్గర నెగ్గలేడా అని మంత్రిగారే స్వయంగా ఎంపిక చేశారు.

బేరంగారు ఊరికే కూర్చోలేదు. వచ్చిన వారంలోనే మూడు నిబంధనలు రాసి గోడకి అంటించారు. మొదటిది, కంటికి కనబడనిదానికి డబ్బు ఇవ్వకూడదు. సంచిలో చూసుకున్నాకే పైసలు తీయాలన్నది మార్కెట్లో ఆయన నేర్చుకున్న పాఠం. రెండోది, బిల్లులో కొట్టేసినది కేసు షీటులో కూడా కొట్టేయాలి, లేకపోతే రెంటికీ పొంతన లేదని ఆడిట్‌వాళ్లు పట్టుకుంటారు. మూడోది, తగ్గించిన ప్రతి వందకీ డెబ్బై అయిదు చొప్పున ప్రభుత్వం ఆసుపత్రికి సహకార ప్రోత్సాహకం చెల్లిస్తుంది. ఆసుపత్రులు చేసే త్యాగానికి అదొక చిన్న కృతజ్ఞత.

మిగిలిన నాలుగో కుర్చీలో వచ్చి కూర్చున్న మొట్టమొదటి మనిషి మిషనక్క.

బస్సులు ఆగే చోటికి వెనక సందులో కుట్టు మిషను పెట్టుకుని స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టే ఆవిణ్ని వీధంతా మిషనక్క అనే అంటుంది. భర్త నీళ్ల ట్యాంకు దగ్గర కంట్రాక్టు మీద పంపు ఆపరేటరు. పొద్దున్నే అరవై నాలుగు ఇనప మెట్ల నిచ్చెన ఎక్కి, పైన నీటి మట్టం చూసి, వాల్వు తిప్పి దిగుతాడు. అప్పుడు ఎనిమిది వీధులకి నీళ్లొస్తాయి. పదిహేను రోజుల కిందట దిగుతుండగా పదకొండో మెట్టు తుప్పుపట్టి ఊడిపోయింది. మెట్టుతోపాటు ఆయనా కిందికొచ్చాడు. ఎడం కాలు రెండు చోట్ల విరిగింది. ఆపరేషన్ చేసి లోపల స్టీలు ప్లేటు వేసి ఎనిమిది స్క్రూలు బిగించారు.

కంట్రాక్టరు చెడ్డవాడేమీ కాదు. పళ్లు పట్టుకుని ఆసుపత్రికొచ్చి మరీ చెప్పాడు. "కాలు విరిగిందని, ఆపరేషన్ అయిందని డిశ్చార్జి కాగితం తెచ్చి సోమవారం పొద్దున్న నా చేతిలో పెట్టు చెల్లెమ్మా. నయమయ్యేదాకా బావగార్ని కింద మోటారు గదిలో కూర్చోబెడతాను, నిచ్చెన వేరేవాడు ఎక్కుతాడు. కాగితం లేకపోతే మాత్రం చెప్పకుండా మానేసినట్టు రాసుకోవాలి. ఆ తర్వాత నా చేతిలో ఏమీ ఉండదు."

అందుకని మిషనక్కకి కావలసింది ఒక్క కాగితం. ఆ కాగితం కావాలంటే బిల్లు కట్టాలి. బిల్లు లక్షా ఎనభై ఆరు వేల నాలుగు వందలు. ఆవిడ చేతిలో ఉన్నది లక్ష. మిగతాది ఎక్కడ తగ్గుతుందా అని ఆవిడ బిల్లు మొత్తం రెండుసార్లు చదివింది. చేతి తొడుగులు నూట పది జతలని ఉంది. విరిగింది ఒక్క కాలు. డాక్టరుగారి ఫీజు ఒకటి, డాక్టరుగారు వార్డులోకి నడిచి వచ్చినందుకు ఇంకొకటి ఉన్నాయి. చొక్కా కుట్టి, దారం వేరే, సూది వేరే, కత్తెర అద్దె వేరే అంటే వచ్చినవాళ్లు తన మొహాన కొట్టి పోరా అనుకుంది. అక్రమం అనిపించినచోటల్లా బట్ట మీద గీతలు గీసే సుద్దముక్కతోనే గీసి, బిల్లు మడిచి పట్టుకుని కేంద్రానికి వచ్చింది.

"గీసినవి తగ్గిస్తే చాలు సార్. లక్షకి దించండి, ఇప్పుడే కట్టేసి మా ఆయన్ని తీసుకుపోతాను," అంది.

బేరంగారు బిల్లు చూసి నొచ్చుకున్నారు. "ఎనభై ఆరు వేలు తగ్గించడానికి ప్రభుత్వం ఒక కేంద్రం పెట్టాలా అమ్మా? మంత్రిగారు తొంభై శాతం తగ్గిస్తామని మాటిచ్చేశారు. నువ్వు నిశ్చింతగా ఉండు. రేపు నేనే వార్డుకొస్తాను."

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రి బిల్లింగ్ మేనేజరు కొత్త బిల్లు తెచ్చి మంచం మీద పెట్టాడు. అయిదు లక్షల నలభై వేలు. అందులో విరగని కాలికి పర్యవేక్షణ చార్జీ అని కూడా ఒకటుంది. మిషనక్క ఆ అంకె మీద వేలు పెట్టి మళ్లీ చదివింది.

"కంగారుపడకండమ్మా," అన్నాడు మేనేజరు ఎంతో ఆప్యాయంగా. "ఇది తగ్గించడానికి వేసిన బిల్లు. కట్టడానికి వేసింది కాదు."

పదిగంటలకి బేరంగారు ఎర్ర పెన్ను పట్టుకుని వచ్చారు. కొడుకు పక్కన స్టూలు మీద కూర్చున్న అత్తగారు లేచి చోటిచ్చింది. ఆయన కూర్చోలేదు. బేరం నిలబడే చేయాలట.

"చేతి తొడుగులు నూట పది జతలు. చూపించండి."

"వాడి పారేశాం సార్," అన్నాడు మేనేజరు.

"కనబడలేదు. కొట్టేస్తున్నా." పెన్ను కదిలింది. "ఎక్స్‌రేలు ఆరు. చూపించండి."

మేనేజరు ఫిల్ము తీసి కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. బేరంగారు తల అటూ ఇటూ వంచి చూశారు. "ఎముకైతే ఉంది. ఇది ఈయనదే అని ఎలా చెప్పడం? మొహం పడలేదుగా." అదీ పోయింది.

మిషనక్కకి లోపల సంతోషంగానే ఉంది. భర్త మొహంలోకి చూసింది. పదహారు రోజుల తర్వాత ఆయన కాస్త నవ్వాడు.

"మత్తు ఇంజక్షను. ఏమయ్యా, నీకు మత్తిచ్చారా?"

"ఇచ్చే ఉంటారండీ. నాకు తెలీదు. నిద్రలో ఉన్నాను."

"పుచ్చుకున్నవాడికే తెలీదట. కొట్టేస్తున్నా. ఆపరేషన్ ఫీజు. డాక్టరుగారు ఆపరేషన్ చేస్తుంటే చూశావా?"

"మత్తులో ఉన్నానంటున్నాను కదండీ."

"మత్తు ఇప్పుడే కొట్టేశాం కదయ్యా. మెలకువగా ఉన్నట్టే లెక్క. చూశావా, లేదా?"

పంపు ఆపరేటరు చూడలేదని ఒప్పుకున్నాడు. అబద్ధం ఆడే మనిషి కాదు. ఆపరేషన్ పోయింది. స్టీలు ప్లేటు, స్క్రూల దగ్గరికి వచ్చేసరికి మేనేజరే ముందుకొచ్చి, "అవి లోపల ఉన్నాయి సార్, చూపించలేం," అని సహకరించాడు. అతని సహకారం చూస్తే ఎవరికైనా కళ్లు చెమరుస్తాయి. ప్రతి గీతకీ జేబులోని కాలిక్యులేటర్ తీసి ఏదో లెక్క వేసుకుంటూ, ఇంకా ఏమైనా ఉన్నాయేమోనని కాగితం తిరగేసి చూస్తున్నాడు.

"కట్టు కనబడుతోంది బాబూ," అంది అత్తగారు, ఒక్కటైనా కనబడినందుకు గర్వపడుతూ.

బేరంగారు వంగి పిండికట్టుని వేలితో తట్టారు. "కట్టు దేన్ని కప్పడానికి? లోపల విరిగిందేమీ లేదని తేలిపోయాక ఇది దేన్ని కప్పుతున్నట్టు?" కట్టూ పోయింది. మంచం ఆసుపత్రిదే గానీ ఈయన కొనుక్కున్నది కాదు కాబట్టి మంచం అద్దె పోయింది.

పదకొండున్నరకి బిల్లు సున్నా అయింది.

కేంద్రం చరిత్రలోనే అది మొదటి సున్నా. చరిత్ర మొదలై తొమ్మిది రోజులే అయినా సున్నా సున్నాయే కదా. బేరంగారు అక్కణ్నుంచే మంత్రిగారికి ఫోన్ చేశారు. శనివారం సాయంత్రం మంత్రిగారే స్వయంగా వార్డుకి వచ్చి బిల్లు అందజేస్తారని, పత్రికలవాళ్లందరికీ కబురు వెళ్లిందని మధ్యాహ్నానికి తెలిసింది. అత్తగారు బేరంగారి రెండు చేతులూ పట్టుకుని, నూరేళ్లు చల్లగా ఉండు నాయనా అని దీవించింది.

మిషనక్క మాత్రం సంచి సర్దుకుని బిల్లింగ్ కౌంటరు దగ్గరికి వెళ్లింది. "సార్, కట్టాల్సిందేమీ లేదు కదా. డిశ్చార్జి కాగితం ఇస్తే శనివారం మీటింగు కాగానే వెళ్లిపోతాం. సోమవారం ఆయన డ్యూటీ దగ్గర చూపించాలి."

మేనేజరు కేసు షీటు తీసి చూపించాడు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఎర్ర గీతలే. "పొంతన చూసుకోవాలి కదమ్మా, రెండో నిబంధన. బిల్లులో లేనిది ఇందులోనూ ఉండకూడదు. పరీక్షల్లేవు, మత్తు లేదు, ఆపరేషన్ లేదు, మంచమే లేదు. చేరని మనిషిని ఎలా పంపించమంటారు? డిశ్చార్జి కావాలంటే ముందు అడ్మిట్ అవాలి."

"అయితే ఇప్పుడు అడ్మిట్ చేసుకుని ఇప్పుడే పంపించేయండి."

"ఏ జబ్బని రాయమంటారు? విరగలేదని తేలింది కదా."

మిషనక్క ఆపరేషన్ చేసిన డాక్టరుగారి గది దగ్గర గంటసేపు నిలబడింది. ఆయన మంచివాడు, దాచలేదు. "మీ ఆయన కాలు నేనే కోశానమ్మా, నాకు బాగా గుర్తుంది. కానీ కోశానని రాసిచ్చానంటే, మరి దాన్ని కొట్టేసి ప్రోత్సాహకం ఎలా తీసుకున్నారని ఆసుపత్రిని అడుగుతారు. నాది నెల జీతం ఉద్యోగం. కుట్లు విప్పాల్సిన రోజున వెనక గుమ్మం నుంచి రండి, ఊరికే విప్పేస్తాను," అన్నాడు.

ఇక మిగిలింది బేరంగారే. ఆవిడ మళ్లీ ఆ నాలుగో కుర్చీలో కూర్చుంది. లక్ష ఉన్న చేతిసంచిని ఒళ్లో పెట్టుకుంది.

"సార్, మీ పుణ్యమా అని బిల్లు పోయింది. కానీ కొంచెం ఉంచండి. మొత్తం వద్దు. ఆపరేషన్ ఒక్కటీ వేయండి, ఇరవై వేలు కడతాను."

"ఏమిటమ్మా?"

"ముప్పై."

బేరంగారు పెన్ను కింద పెట్టేశారు. కొనడానికొచ్చిన మనిషి తనంతట తానే ధర పెంచడం పదకొండేళ్ల మార్కెట్లో ఆయన ఎన్నడూ చూడలేదు. ఇందులో ఏదో మోసం ఉందని ఆయన మనసు చెప్పింది.

"నలభై సార్. పోనీ ఆపరేషన్ వద్దు, కాలు విరిగిందని ఒక్క ముక్క రాసి దానికి యాభై వేయండి. ఈ సంచిలో లక్ష ఉంది, కంటికి కనబడుతోంది చూడండి. మొత్తం తీసుకోండి."

"చూడమ్మా," అన్నారు బేరంగారు గొంతు తగ్గించి, "శనివారానికి బోర్డు అచ్చయిపోయింది. తలుపంత బోర్డు. దానిమీద ఒక్క సున్నాయే ఉంది. ఇప్పుడు నువ్వు నలభై అంటే ఆ నాలుగు ఎక్కడ పెట్టమంటావు? మంత్రిగారు ఒకసారి తగ్గించినదాన్ని పెంచడమంటే ధరల పెరుగుదల అంటారు. ప్రతిపక్షం ఊరుకుంటుందా? ఇంటికెళ్లి శనివారానికి మంచి బట్టలు ఇస్త్రీ చేసుకో."

జీవితంలో మొదటిసారి మిషనక్క బేరంలో ఓడిపోయింది. రోడ్డు మీదికొచ్చి, సంచి గుండెకి హత్తుకుని, ఎవరూ చూడకుండా ఏడ్చింది. డబ్బు లేక ఏడ్చినవాళ్లని ఆ ఆసుపత్రి ముందు రోజూ చూస్తూనే ఉంది. చేతిలో డబ్బు పెట్టుకుని ఏడవాల్సి వస్తుందని ఆవిడ అనుకోలేదు.

శనివారం వార్డు మెరిసిపోయింది. పక్క మంచాల్లో మరీ జబ్బుగా కనబడేవాళ్లని రెండో అంతస్తుకి పంపేశారు. చంకకర్రలు ఫొటోలో పడితే పథకం గురించి తప్పుడు అభిప్రాయం కలుగుతుందని మేనేజరు వాటిని తీసి మంచం కిందికి తోసేశాడు. దుప్పటి కాళ్లమీదుగా గడ్డం దాకా లాగారు. మంత్రిగారు వచ్చారు, తలుపంత సున్నా పట్టుకున్నారు, రెండో కొసని పంపు ఆపరేటరుకి ఇచ్చారు. ఇద్దరి మొహాలూ సున్నాకి అటూ ఇటూ వచ్చేలా ఫొటోలు తీశారు.

"గత ప్రభుత్వాలు రోగి బిల్లు తగ్గించడానికి ప్రయత్నించాయి," అన్నారు మంత్రిగారు. "మేం బిల్లులోంచి రోగాన్నే తీసేశాం."

చప్పట్లు సద్దుమణిగాక, లబ్ధిదారు కుటుంబం రెండు మాటలు మాట్లాడుతుందని మైకు మిషనక్కకి ఇచ్చారు. బేరంగారు రాసిచ్చిన కృతజ్ఞతల కాగితం ఆవిడ చేతిలో ఉంది. ఆవిడ అది చదవలేదు.

"అయ్యా, మా ఆయన కాలు విరిగి ఇక్కడ పద్దెనిమిది రోజులున్నాడు. ఉన్నాడని ఒక్క కాగితం ఇప్పించండి. సోమవారం అది చూపించకపోతే ఉద్యోగం పోతుంది. నాకు ఇంకేమీ వద్దు."

మంత్రిగారు తల పక్కకి వంచితే మేనేజరు చెవిలో ఏదో చెప్పాడు. మంత్రిగారు రెండుసార్లు తలూపి, మైకు అందుకుని, తడి గొంతుతో మాట్లాడారు. అంత గొప్ప నాయకులకే అలాంటి మాట సమయానికి తడుతుంది.

"విన్నారుగా మిత్రులారా. ఈ తల్లి అమాయకత్వం చూడండి. ఆసుపత్రి రికార్డులన్నీ నేను ఇప్పుడే తెప్పించుకుని పరిశీలించాను. మా ప్రభుత్వం వచ్చాక ఈమె భర్తకి ఆసుపత్రిలో చేరాల్సిన అవసరమే రాలేదు."

ఆ చప్పట్లు వీధి చివరిదాకా వినబడ్డాయని పత్రికలు రాశాయి. వాటిలో ఆసుపత్రి యజమానివే ఎక్కువసేపు వినబడ్డాయని నేను కూడా ఒప్పుకుంటాను.

మంత్రిగారి కారు వెళ్లిపోయాక, సరిగ్గా ఆరుగంటలకి వాచ్‌మన్ ఈల వేసుకుంటూ వార్డులోకొచ్చాడు. "టైమైపోయింది, పరామర్శకి వచ్చినవాళ్లు బయటికి నడవాలి," అంటూ పంపు ఆపరేటరు మంచం దగ్గర ఆగాడు. "మీరు కూడానండీ. రిజిస్టర్లో మీ పేరు పరామర్శకి వచ్చినవాళ్లలో ఉంది."

"ఎవరిని పరామర్శించడానికి వచ్చాడట?" అంది అత్తగారు. "పద్దెనిమిది రోజులుగా నేను మలమూత్రాలు ఎత్తింది ఎవరికి మరి?"

వాచ్‌మన్ రిజిస్టరు మళ్లీ చూశాడు. ఆ వివరం అందులో లేదు. అతను పాపం మంచం కిందినుంచి చంకకర్రలు తీసిచ్చి, గేటు దాకా భుజం పట్టాడు.

సోమవారం పొద్దున్న ఆరుగంటలకి భార్యాభర్తలు ట్యాంకు దగ్గరికి వెళ్లారు. ట్యాంకు కింద కుర్చీ వేసుకుని కంట్రాక్టరు ఆదివారం పేపరు చదువుతున్నాడు. మొదటి పేజీలో పెద్ద సున్నా, దాని పక్కన పంపు ఆపరేటరు మొహం ఉన్నాయి.

"కాగితం తేలేకపోయానన్నా," అంది మిషనక్క. "కాలు చూడండి. మీరు ఆసుపత్రికొచ్చి కళ్లారా చూశారు కదా."

"చూశానమ్మా, కాదనను. కానీ నేను చూసింది గొప్పా, మంత్రిగారు రికార్డులు చూసి చెప్పింది గొప్పా? ఇదిగో, అచ్చులో ఉంది. బావగారికి ఏమీ కాలేదు." కంట్రాక్టరు పేపరు జాగ్రత్తగా మడిచాడు. "ఒకందుకు మంచిదే అయింది. ఈయన పడలేదంటే మెట్టు విరగలేదన్నమాట. నిచ్చెన బాగుచేయించమని పెట్టిన అర్జీ నిన్ననే వెనక్కి తీసుకున్నాను. ఖర్చు కలిసొచ్చింది. ఇరవై రోజులు చెప్పకుండా మానేసినా నేను మనసులో పెట్టుకోను. ఈ పూట డ్యూటీ ఎక్కితే ఉద్యోగం ఉన్నట్టే. ఎక్కకపోతే వేరేవాడు అక్కడ నిలబడి ఉన్నాడు."

నిజంగానే ఒక మనిషి గేటు దగ్గర టిఫిన్ క్యారియర్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. అప్పటికే ఎనిమిది వీధుల్లోనూ బిందెలు, బకెట్లు కుళాయిల కిందికి చేరిపోయాయి.

పంపు ఆపరేటరు చంకకర్రల మీద నిచ్చెన దాకా వెళ్లాడు. తలెత్తి పైకి చూశాడు. పది మెట్ల తర్వాత ఖాళీ, ఆ తర్వాత మళ్లీ మెట్లు. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని బాగున్న కాలు మొదటి మెట్టు మీద పెట్టాడు. రెండో కాలు లేవలేదు.

మిషనక్క ఆయన్ని పట్టుకుని మెల్లిగా పక్కనున్న రాతి మీద కూర్చోబెట్టింది. కొంగు నడుముకి బిగించి దోపుకుంది. చెప్పులు విడిచింది.

"వాల్వు ఎటు తిప్పాలండీ?"

"ఎడమకి. ఏడు చుట్లు," అన్నాడు ఆయన. ఆవిడ కడ్డీ పట్టుకున్నాక, "పది దాటాక కిందికి చూడకు," అన్నాడు.

ఆవిడ ఎక్కింది. పదో మెట్టు మీద ఆగి, పైకడ్డీ రెండు చేతులా పట్టుకుని, మోకాలు పన్నెండో మెట్టు మీదికి లాక్కుంది. కంట్రాక్టరు ఆ కాసేపూ పేపరులోకే చూశాడు. అంత ఎత్తున ఆడమనిషి ఎక్కుతుంటే చూడడం మర్యాద కాదని ఆయన ఉద్దేశం. చాలాసేపటికి పైన ఇనుము కిర్రుమంది. గొట్టంలో నీళ్లు కదిలాయి. దూరంగా ఏదో వీధిలో బిందె చప్పుడైంది.

కంట్రాక్టరు డ్యూటీ రిజిస్టరు తెరిచి, పెన్ను తీసి, ఇబ్బందిలో పడ్డాడు. "బావగారూ, ఈ పూట ఎవరు ఎక్కారని రాయను? ఆవిడ పేరు రాస్తే రూలు ఒప్పుకోదు. మీ పేరు రాద్దామంటే మీరిక్కడే కూర్చున్నారు."

పంపు ఆపరేటరు నిచ్చెన మీదినుంచి కళ్లు తిప్పలేదు. ఆవిడ ఇంకా దిగుతూనే ఉంది.

"ఎవరూ ఎక్కలేదని రాసుకోండి," అన్నాడు.

కంట్రాక్టరుకి అది న్యాయంగానే తోచింది. గడులు తప్పకుండా అందమైన అక్షరాలతో రాసుకున్నాడు. ఎక్కినవారు: లేరు. నీళ్లు: వచ్చాయి.